లెక్కలోని విమానము, గాలిలోని విమానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో ప్రబంధ కవిత్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారి మాట నాకు శిరోధార్యమే. అయినను ప్రబంధములు ఐదువందల యేండ్లుగా నిలిచియున్నవి. మరియొక యేడు ఆగగలవు. ఆగజాలని విషయమొకటి మన గ్రంథాలయములోనే పుట్టినది. దానిని గూర్చి మాటలాడుటకు వారి యనుమతి పొందితిని.

మన పఠనమందిరములో ఒక మూల కంప్యూటరున్నది. అందు ఫ్లైట్‌గేర్ అను ప్రోగ్రామును ఎక్కించుకొని మన యువకులు సాయంకాలములందు విమానములు నడుపుచున్నారు. అది పైకము చెల్లింపకయే ఎవరికైనను లభించునది. ఉన్న విమానములను నడుపుటయే కాక, రెక్క యింత, తోక యింత, బరువింత అని వ్రాసి స్వంత విమానమును కల్పించి తెరమీద ఎగురవేయుటకు కూడ అందు వీలున్నది. కొందరు పెద్దలు దీనిని ఆటయని కసరుచున్నారు. కొందరు యువకులు ఇదియే విమానవిద్యయని వాదించుచున్నారు. నాకు తోచినంతవరకు ఇది ప్రధానముగ లెక్క. లెక్కను గూర్చి మాటలాడుటకు నాకు కొంత యధికారము కలదనుకొందును. 1984లో కరణముల పదవులు రద్దగువరకు మా తండ్రిగారు ఈ గ్రామపు లెక్కలు వ్రాసిరి. నేను ముప్పదియేండ్లుగా సహకార సంఘపు లెక్కలు వ్రాయుచున్నాను. విమానశాస్త్రము నాకు గురుముఖమున వచ్చినది కాదు. సంస్కృతమును అట్లు రాలేదు. రెండును పుస్తకముల మూలముననే నేర్చుకొంటిని.

అడంగలు మీరందరు ఎరిగినదే. ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో అందు వ్రాయుదురు. అడంగలులో వరి యని యుండగా చేనిలో జిల్లేళ్లు మొలచియుండుట మనకు క్రొత్త కాదు. అంతమాత్రమున అడంగలు వట్టిదని నేననను. చేను చూచి వ్రాసిన అడంగలు చేనికి సాక్షి. నిరుటి అడంగలు చూచి వ్రాసినది నిరుటి పుస్తకమునకే సాక్షి. కంప్యూటరులోని విమానములందును ఈ రెండు జాతులు కలవు.

విమానకంపెనీల పైలట్లకు శిక్షణ నిచ్చు పెద్ద సిమ్యులేటరులు కొలతల పట్టికలమీద నడచును. నిజమైన విమానమును గాలిలో నడపి, ఏ వేగమున, ముక్కు ఎంత ఎత్తియున్నప్పుడు, రెక్క ఎంత బరువు మోసినదో కొలిచి ఆ పట్టికలు వ్రాయుదురు. ఇది చేను చూచి వ్రాసిన అడంగలు. ఇంకొక పద్ధతి ఆకారమును బట్టి గణించుట. ఆస్టిన్ మేయర్ అను అమెరికా దేశీయుడు 1995లో వెలువరించిన ఎక్స్‌ప్లేన్ ఈ జాతిది. అది రెక్కను చిన్న తునుకలుగా విభజించి, ఒక్కొక్క తునుకను గాలి ఎంత బలముతో తోయునో సెకనుకు పలుమారులు లెక్కించి అన్నిటిని కూడును.

మూడవ పద్ధతి మన కంప్యూటరులో ఉన్నది. ఫ్లైట్‌గేరులో యాసిమ్ అని ఒక భాగము కలదు. దానికి విమానపు కొలతలతో పాటు, ఇది ఇంత వేగమున సాగవలయును, ఇంత వేగమున దిగవలయును అని ఫలితమును కూడ మనమే చెప్పవలయును. రెక్క మోయు బలమును, గాలి అడ్డగించు బలమును హెచ్చించి తగ్గించి ఆ ఫలితము వచ్చునట్లు అది సరిపెట్టును. లెక్కలు వ్రాయువారికి ఇది చిరపరిచితమైన విద్యయే: ముగింపు నిల్వను ముందు వ్రాసి, తరువాత పద్దులు సరిపెట్టుట! నిజముగ ఎగిరిన విమానపు వేగములను దానికి చెప్పినచో దోషము లేదు. బ్యాంకు పుస్తకము చూచి మన చిట్టాను సరిచేసికొన్నట్లే. ఇంకను పుట్టని విమానమునకు వేగములు చెప్పినప్పుడు మాత్రము అది మన కోరికకే ముద్రవేసి మనకు తిరిగి యిచ్చును.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. మన గ్రామపు యువకుడొకడు, ఒక్కరు కూర్చుండు చిన్న విమానమును యాసిమ్‌లో కల్పించెను. అతని పేరు చెప్పను. ఈ సంగతి సభలో ప్రస్తావించుటకు అతడును అతని తండ్రియు సమ్మతించిరి. ఆ విమానము తెరమీద ముచ్చటగా ఎగురుచున్నది. నేనును చూచి మెచ్చుకొంటిని. దానిని అల్యూమినియము గొట్టములతో, గుడ్డతో నిజముగ కట్టవలయునని అతని సంకల్పము. తండ్రి ఎకరము మాగాణి తాకట్టు పెట్టుటకు సిద్ధపడి, లెక్క ఒకసారి చూడుమని నా యొద్దకు వచ్చెను.

నాలుగు రాత్రులు ఆ లెక్క చూచితిని. తోకను గూర్చి మాత్రము ఇచ్చట చెప్పెదను. తోకకు గల ముఖ్యమైన పని విమానమును తూకములో నిలుపుట. ముక్కు తనంత తాను పైకి లేచినచో తోక దానిని దింపవలయును, దిగినచో ఎత్తవలయును. అది చాలునో చాలదో తెలిసికొనుటకు ఒక మోటులెక్క కలదు. తోక విస్తీర్ణమును, విమానపు బరువుకేంద్రమునుండి తోకకు గల దూరముచే గుణింపవలయును. వచ్చినదానిని, రెక్క విస్తీర్ణమును రెక్క వెడల్పుచే గుణించిన లబ్ధముతో భాగింపవలయును. చిన్న విమానములకు ఈ భాగఫలము సాధారణముగ 0.5 మొదలు 0.7 వరకు నుండును. మన యువకుని విమానమునకు రెక్క 12 చదరపు మీటరులు, రెక్క వెడల్పు 1.3 మీటరులు, తోక 1.2 చదరపు మీటరులు, దూరము 3 మీటరులు. 3.6ను 15.6తో భాగించినచో 0.23. ఉండవలసినదానిలో సగమైనను లేదు.

మరి తెరమీద ఎట్లు నిలిచినది? మొదట నిలువలేదు. అతడు ముక్కులో కొంత బరువు చేర్చెను, అప్పుడు నిలిచినది. లెక్కలో బరువు చేర్చుట ఒక పంక్తి పని. ఆ సీసమును మోయుటకు ఏ గొట్టమును లావు చేయనక్కరలేదు. అయితే ముక్కు బరువైనందున నేల దిగునపుడు దానిని పైకెత్తుటకు చిన్న తోకకు శక్తి చాలలేదు. అందుకు తోకపలక ఎంత పని చేయునో తెలుపు అంకెను పెంచెను. అదియు ఒక పంక్తియే. ఈ రెండు పంక్తులతో విమానము సాధువైనది. ఇందు మోసమేమియు లేదు. అతడు తెరమీద లోపము కనిపెట్టెను; అది మెచ్చుకొనదగినదే. దిద్దుబాటు మాత్రము పుస్తకములోనే జరిగినది. పలక బలమును తెలుపు ఆ అంకె ఎక్కడిదని అడిగితిని. అది పెట్టిన తరువాత చక్కగా దిగినదని జవాబిచ్చెను.

తాకట్టు పత్రము వ్రాయవద్దని తండ్రికి చెప్పితిని. స్వయముగ కట్టిన విమానమైనను పౌరవిమానయాన డైరెక్టరేటు జనరల్ వారి అనుమతి లేక ఎగురవేయరాదను సంగతి కూడ చెప్పితిని. ముందు నాల్గవ వంతు కొలతలలో నమూనా కట్టి, రేడియోతో నడపి చూడుమని యువకునికి సలహా యిచ్చితిని. నమూనా అడంగలు వంటిది కాదు. నిజముగ గాలిలోనికి పోవునది.

అయినను నమూనాకును ఒక హద్దున్నది. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ అను పండితుడు 1896 మే నెలలో ఆవిరియంత్రముతో నడచు నమూనాను పొటోమాక్ నదిపై సుమారు వేయి మీటరులు ఎగురవేసెను. దానినే పెద్దది చేసి మనిషిని కూర్చుండబెట్టవలయునని యుద్ధశాఖవారు 50,000 డాలరులు ఇచ్చిరి. ఆ పెద్ద విమానము 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరియొకసారి నదిలో కూలినది. కొలతలు రెట్టింపు చేసినచో రెక్క విస్తీర్ణము నాలుగింతలగును గాని బరువు ఎనిమిదింతలగును. నమూనాకు చాలిన ఎముకలు పెద్దదానికి చాలవు.

ఆ రెండవ పతనమునకు తొమ్మిది దినముల తరువాత రైట్ సోదరులు ఎగిరిరి. వారును మొదట అంకెచేత వంచితులైనవారే. గాలి ఒత్తిడిని లెక్కించుటకు ఇంగ్లండు దేశపు ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లో ప్రకటించిన విలువను ఆనాటివారు పెక్కుమంది 0.005గా వాడుచుండిరి. ఆ విలువతో కట్టిన రైట్ సోదరుల 1901 నాటి గ్లైడరు, లెక్కలో మోయవలసిన బరువులో సుమారు మూడవ వంతు మాత్రమే మోసినది. వారు పుస్తకమును ప్రక్కనబెట్టి, డేటన్ పట్టణములోని తమ సైకిళ్ల దుకాణమున ఒక చెక్కపెట్టెతో గాలి సొరంగము కట్టి, సుమారు రెండువందల చిన్న రెక్కలను పరీక్షించిరి. గ్లైడరు పరీక్షలను బట్టి వారు తేల్చిన విలువ సుమారు 0.0033. నూట నలువదియేండ్లు ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు ఎక్కుచు వచ్చిన పద్దు అట్లు కొట్టివేయబడినది. లెక్కలు వ్రాయువాడనగుటచేత కాబోలు, వారు ఎగిరిన దినము కంటె ఈ పద్దు కొట్టివేసిన దినమే నాకు గొప్పదిగా తోచును.

ఇక చేతికి తెలియు భేదమును చెప్పెదను. బండి తోలువాడు ఎద్దుల మనసును పగ్గము ద్వారా తెలిసికొనును. చిన్న విమానములో చేతికర్ర అట్టిది. వేగము హెచ్చిన కొలది అది బిగుసుకొనును. వేగము తగ్గి గాలిపట్టు తప్పబోవునపుడు వదులై, పలుచనై పోవును. కంటితో మీటలు చూడకమునుపే పైలటునకు చేయి చెప్పును. ఇంటిలోని కంప్యూటరు కర్రకు అడుగున నున్నది ఒక స్ప్రింగు మాత్రమే. వేగము ఎంతయైనను దాని బిగువు ఒక్కటే. ఎద్దులు లేని బండికి పగ్గము కట్టి లాగుటవంటిది.

మరియొకటి. ఎడమకు తిరుగుటకై కర్రను ఎడమకు వంచినచో, నిజమైన విమానపు ముక్కు మొదట కొంచెము కుడికి పోవును. పైకి లేచు కుడిరెక్కను గాలి ఎక్కువ అడ్డగించుటయే కారణము. అందుచేత కాలితో చుక్కానిని కూడ నొక్కవలయును. ఇంటి ప్రోగ్రాములు పెక్కింటిలో ఈ కాలిపనిని యంత్రమే చేసిపెట్టు సదుపాయము కలదు. దానితో నేర్చినవానికి కాళ్లున్న సంగతియే జ్ఞాపకముండదు. పంకా తిరుగుటచే ముక్కు ఒకప్రక్కకు గుంజుట, నేలకు దగ్గరైనప్పుడు విమానము దిగక తేలుచు పోవుట, ఇవియు ఔత్సాహికుల కల్పనలలో ఒకచోట పూర్తిగా లోపించును, మరియొకచోట అతిగా కనిపించును.

చూపు విషయములో మాత్రము కంప్యూటరును మెచ్చుకొనవలయును. శాకుంతలము ఏడవ అంకమున దుష్యంతుడు ఆకాశమునుండి రథములో దిగుచుండగా, పైకి లేచుచున్న కొండశిఖరములనుండి భూమి క్రిందికి జారుచున్నట్లును, ఆకులలో మునిగిన చెట్ల బోదెలు బయటపడుచున్నట్లును, కంటికి అందని నదులు తేటపడుచున్నట్లును కాళిదాసు వర్ణించెను. ఆకాశమెక్కని మహాకవి చూపును ఇంత చక్కగా ఊహింపగలిగెను. గాలి తోపును మాత్రము ఆయన చెప్పలేదు. చూపు ఊహకు అందును. బలము కొలతకే అందును.

ఎక్కడ ఈ భేదము ప్రాణాపాయమగునో ఇక చెప్పవలయును. రెక్క గాలికి ఎదురుగా కొంతవరకు ఎత్తబడిన కొలది ఎక్కువ బరువు మోయును. సుమారు 15, 16 డిగ్రీలు దాటినచో గాలి రెక్క వీపును విడిచిపెట్టును, బలము పడిపోవును. దీనిని స్టాల్ అందురు. అట్టి స్థితిలో ఒక రెక్క రెండవదానికంటె ముందుగా పట్టు తప్పినచో విమానము గిరగిర తిరుగుచు పడును. దీనిని స్పిన్ అందురు.

మన ఆంధ్రదేశీయుడని చెప్పబడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారికి వ్యాప్తి యను మాట తెలియును. పొగ యున్నచోట నిప్పున్నదని ఊహించుటకు, ఆ రెండును ఎల్లప్పుడు కలిసియుండునను నియమము ముందు తెలిసియుండవలయును. ఆ నియమమే వ్యాప్తి. అది లేనిచోట అనుమానప్రమాణము నడువదు. విమానపు పట్టికలు సామాన్యముగ స్టాల్ హద్దువరకు కొలిచి వ్రాసినవి. హద్దు దాటినపిదప సిమ్యులేటరు ఆగదు. ఉన్న గీతను ముందుకు సాగదీసి ఏదో ఒక జవాబు చెప్పును. ఆ జవాబు కూడ తెరమీద మొదటి జవాబువలెనే నిండుగా, నిశ్చయముగా కనిపించును. వ్యాప్తి ఎక్కడ ముగిసినదో తెరమీద గీటు గీసి యుండదు. నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే.

ఔత్సాహికుల మాట అటుంచుడు. వాయుసొరంగములు, గొప్ప ఇంజనీరులు గల బెంగుళూరు హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారు కిరణ్ విమానములకు బదులుగా హెచ్.జె.టి.-36 అను శిక్షణవిమానమును నిర్మించిరి. అది 2003 మార్చి 7న తొలిసారి ఎగిరెను. స్టాల్, స్పిన్ స్థితులలో దాని నడవడి ఏండ్ల తరబడి వారిని చిక్కులలో పెట్టినది. తుదకు తోకపై నిలువురెక్కను వెనుకకు జరిపి, చుక్కానిని పెంచి, 2020లో మరల స్పిన్ పరీక్షలు మొదలిడిరి. ఎడమకును కుడికిని ఆరేసి చుట్లు తిరిగి క్షేమముగ బయటపడినదని 2022 జనవరిలో ప్రకటించిరి. తొలి యెగురుటకును ఈ ప్రకటనకును నడుమ పందొమ్మిదేండ్లు! ఆ ఆరు చుట్లను తెరమీద ఒక సాయంకాలములో తిరిగి చూపవచ్చును.

సిమ్యులేటరు తప్పు చెప్పినచో ఏమగునో 2001లో లోకము చూచినది. నవంబరు 12న న్యూయార్కునుండి సాంటో డొమింగోకు బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఏ-300 విమానము, ముందు పోయిన పెద్ద విమానము విడిచిన సుడిగాలిలో చిక్కెను. సహపైలటు చుక్కాని పెడళ్లను ఇటునటు గట్టిగ, మరల మరల త్రొక్కెను. తోకపై నిలువురెక్క ఊడిపోయినది. విమానములోని 260 మందియు, నేలమీది ఐదుగురును మరణించిరి. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలివారు విచారించి, అక్కరలేని ఆ త్రొక్కుళ్లను ముఖ్యకారణముగ నిర్ణయించిరి. ఆ విమానపు చుక్కాని ఏర్పాటును, కంపెనీవారి శిక్షణలోని కొన్ని అంశములను తోడ్పడిన కారణములుగ పేర్కొనిరి. ఆ శిక్షణలో సిమ్యులేటరుపై ఒక అభ్యాసముండెను. సుడిగాలి తగిలినట్లు చేసి, విమానము బాగుగ ఒరిగిపోవువరకు పైలటు చేసిన పనికి యంత్రము కొన్ని క్షణములు బదులు పలుకకుండ ఏర్పరచిరి. పాఠము గట్టిగ పట్టుబడుటకై చేసిన ఏర్పాటది. నిజమైన పెద్ద విమానమును సుడిగాలి అంతగా పడద్రోయదు. చుక్కాని వెంటనే బదులు పలుకును. కూర్చిన అభ్యాసమొకటి అబద్ధము చెప్పినది.

ఇట్లు చెప్పితినని సిమ్యులేటరులు వ్యర్థమని ఎవరును అనుకొనవలదు. వాని పుట్టుక మనకు చేరువైనదే. బింగ్‌హాంటన్ పట్టణమున పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారపు యజమాని కుమారుడు ఎడ్విన్ లింక్, ఆర్గను తిత్తులతోనే 1929 నాటికి ఒక బొమ్మవిమానమును చేసెను. మన నాటకములలోని హార్మోనియము తిత్తికి అది దాయాది. గాలి నింపిన ఒకవైపు లేచును, తీసిన దిగును. మొదట దానిని ఎక్కువగా వినోదమునకే కొనిరి. 1934లో అమెరికా సైన్యము టపా మోయుటకు పూనుకొన్నప్పుడు, మబ్బులలో మీటలు చూచి నడపుట తెలియక కొలది వారములలోనే పలువురు పైలట్లు మరణించిరి. అప్పుడు సైన్యమువారు ఆ పెట్టెలను ఆరింటిని కొనిరి. మీటలు చదువుట, వరుస తప్పక పనులు చేయుట, ఆపదలో గాబరాపడకుండుట, ఇవి సిమ్యులేటరు బాగుగ నేర్పును. హద్దు దాటిన చోట్లను గూర్చియు ఇప్పుడు మేలుకొన్నారు. 2009లో బఫెలో యొద్ద స్టాల్ అయి కూలిన విమానమువలన 50 మంది మరణించినపిదప, అక్కడి ప్రభుత్వము 2013లో నియమము చేసి, పైలట్లకు పూర్తి స్టాల్ అభ్యాసమును 2019నుండి తప్పనిసరి చేసినది. దానికై సిమ్యులేటరులలో స్టాల్ తరువాతి లెక్కలను మెరుగుపరచవలసి వచ్చెను.

కావున మన కంప్యూటరును తీసివేయవలయునను పెద్దల మాటకు నేను సమ్మతింపను. కాలిపనిని యంత్రమునకు అప్పగించు సదుపాయమును మాత్రము ఆపివేయవలయును. చుక్కాని పెడళ్లు కొనుటకు సంఘనిధినుండి కొంత పైకము మంజూరు చేయవలసినదిగ కార్యవర్గమును కోరుచున్నాను. స్వంత విమానములు కల్పించువారికై నేనొక చిట్టా పుస్తకము కుట్టించితిని. అందు మూడు గడులు: అంకె, అది దేనికి సంబంధించినది, అది ఎక్కడినుండి వచ్చినది. కొలిచినదైన కొలిచినదని, గుణించినదైన గుణించినదని, తోచినట్లు పెట్టినదైన తోచినట్లు పెట్టినదని మూడవ గడిలో వ్రాయవలయును. పుస్తకము కంప్యూటరు ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది. ఇప్పటికి పదునొకండు పద్దులు పడినవి. నాలుగింటికి మూడవ గడి ఖాళీగా ఉన్నది.